ఆ తీగ ఎందుకు? వాల్వు సెట్టును శ్రుతి చెయ్యడం ఎలా?



పోయిన ఆదివారం సాయంత్రం ఎనిమిదో తరగతి చెల్లి ఒకామె డార్మెటరీ వెనక చింతచెట్టు దగ్గరున్న తీగమీద తడి తువ్వాళ్ళు ఆరేసింది. రెండో తువ్వాలు వేస్తుండగా వేలు చురుక్కుమంది. చూసుకుంటే వేలి కొసమీద తెల్లగా చిన్న మచ్చ, పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి తగిలినట్టు. చెల్లి ఏడ్చింది. అందరూ పోగయ్యారు. మేడమ్ గారు వచ్చి "ఈ తీగ ఏమిటి? ఎవరు కట్టారు? నెలాఖరులోగా తీసెయ్యండి" అన్నారు.

తప్పు చెల్లిది కాదు, నాది. ఎలాగో తర్వాత రాస్తాను. ముందు ఆ తీగ ఏమిటో, దాని అవతలి కొసన ల్యాబులో ఏముందో చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు కూడా మీకు అర్థం కాదు. "రాత్రిపూట ల్యాబులో ఎర్రగా వెలిగే సీసా ఏమిటి?" అని పదోతరగతి అక్కలు కూడా అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి ఇక్కడే జవాబు.

మన ఫిజికల్ సైన్స్ సారు హామ్. అంటే సరదా కోసం, సేవ కోసం వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళు. దానికి పరీక్ష రాసి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. మన దేశం వాళ్ళ పేర్లు వీయూ అని మొదలవుతాయి. ల్యాబులో వున్న సెట్టు సారు ఇంట్లో చేసుకున్నది. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి టిఫిను డబ్బా అంత ట్రాన్సిస్టర్ సెట్టు, 5 వాట్లు ఇస్తుంది. రెండోది దాని బలం పెంచే యాంప్లిఫయర్, దీన్లోనే ఆ వెలిగే సీసా వుంది. దాన్ని వాల్వు అంటారు. దాని నంబరు 807. అది అమెరికాలో 1936లో వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వైర్‌లెస్‌లలో చాలా వాడారు. యుద్ధం అయ్యాక మిగిలిపోయినవి అమ్మితే హామ్‌లు కొనుక్కున్నారు. తాతల నాటి సామాను అన్నమాట. సారు దగ్గర రెండే వున్నాయి.

వాల్వు సంగతి క్లుప్తంగా రాస్తాను. లోపల ఒక ఫిలమెంటు 6.3 వోల్టులతో వేడెక్కుతుంది. ఆ వేడికి ఎలక్ట్రానులు బయటికి వస్తాయి. చుట్టూ వున్న ప్లేటుకు 600 వోల్టులు ఇస్తే అవి అటు పరుగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే జల్లెడ వుంది. చిన్న సెట్టు ఆ జల్లెడను సెకనుకు డెబ్భై లక్షల సార్లు తెరిచి మూస్తుంది. అందుకని ప్లేటులో కరెంటు కుదుపులు కుదుపులుగా వస్తుంది. బొమ్మ పక్క చార్టులో నేను వేశాను, చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ కుదుపులను తీగలోకి పంపాలి. నేరుగా కలిపితే వెళ్ళవు. మధ్యలో ఒక కాయిలు, దానికి చెరోపక్క ఒక తిప్పుడు కండెన్సర్ వుంటాయి. ఆ రెండు కండెన్సర్లనూ సరిగా తిప్పడమే శ్రుతి చెయ్యడం. వాల్వు పక్కదాన్ని ట్యూన్ అంటారు, తీగ పక్కదాన్ని లోడ్ అంటారు. నాబ్‌ల కింద తెల్లరంగుతో ట్యూన్, లోడ్ అని తెలుగులో రాసింది నేనే.

పుస్తకంలో దీన్ని అనునాదం అని రాశారు. నాకు తెలుగే రెండో భాష, ఇంట్లో కోయ మాట్లాడతాం. అనునాదం అన్న మాట మూడుసార్లు చదివినా నాకు ఏమీ తెలియలేదు. సారు "ఊయల" అన్నారు, వెంటనే తెలిసింది.

ఇప్పచెట్టు కొమ్మకు కట్టిన ఊయల అనుకోండి. దానికి తన వేగం ఒకటి వుంటుంది. తాడు పొడుగైతే నెమ్మదిగా, పొట్టిదైతే తొందరగా ఊగుతుంది. అది వెనక్కి వచ్చిన సరైన క్షణంలో చిటికెన వేలితో తోసినా పైకి లేస్తుంది. ఎదురొచ్చేటప్పుడు తోస్తే మన చెయ్యే నొప్పెడుతుంది, ఊయలా ఆగిపోతుంది. కాయిలూ కండెన్సరూ కలిస్తే అలాంటి ఊయలే. కండెన్సర్‌లో నిండిన కరెంటు కాయిలు గుండా అవతలికి పోతుంది, అక్కడ నిండి మళ్ళీ ఇవతలికి వస్తుంది. ట్యూన్ నాబ్ తిప్పడమంటే ఊయల తాడు పొడుగు మార్చడమే. వాల్వు తోసే వేగానికి ఊయల వేగం కలిసేవరకు మార్చాలి.

కలిసిందని ఎలా తెలుస్తుంది? ప్లేటు కరెంటు చూపించే మీటరు వుంది. వేగం కలిసినచోట ముల్లు ఒక్కసారిగా కిందికి పడుతుంది. దాన్ని డిప్ అంటారు. నాకు మొదట్లో ఇది తలకిందులుగా అనిపించింది. బాగా పనిచేస్తుంటే ముల్లు పైకి పోవాలి కదా! కాదు. ఊయల తన జోరుమీద తాను ఊగుతుంటే తోసేవాళ్ళకు పని తక్కువ. అందుకే ముల్లు పడుతుంది. వేగం కలవనప్పుడు వాల్వు గింజుకుంటూ ఎక్కువ కరెంటు తాగుతుంది, అదంతా వేడి అవుతుంది.

ఇక లోడ్. ఊయలలో కూర్చున్న పిల్ల కాళ్ళు నేలకు రాస్తూ ఊగితే ప్రతి ఊపులో కొంత జోరు నేలకు పోతుంది, తోసేవాళ్ళు ఇంకొంచెం గట్టిగా తొయ్యాలి. మన తీగ చేసే పని అదే, ప్రతి ఊపులో కొంత తీసుకుని ఆకాశంలోకి పంపుతుంది. లోడ్ కండెన్సర్ పూర్తిగా మూసి వుంటే కాళ్ళు నేలకు తగలవు. తెరిచేకొద్దీ తగులుతాయి. అసలు తగలకపోతే ఊయల మరీ పైకి లేచిపోతుంది, అంటే కండెన్సర్ ఆకుల మధ్య వోల్టేజి పెరిగి టప్పున నిప్పురవ్వ ఎగురుతుంది. మరీ గట్టిగా తగిలితే ఊయల ఊగనే ఊగదు, అప్పుడు డిప్ కనపడకుండా పోతుంది. రెండింటికీ మధ్య ఒక చోటు వుంది. అది వెతకడమే పని.

ఇంకొకటి. వాల్వు తోపు ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. తీగకు తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు కావాలి. గునపంతో బండ ఎత్తేటప్పుడు మన చేతి పక్క పొడుగ్గా, బండ పక్క పొట్టిగా పెడతాం కదా, రెండు కండెన్సర్లు ఆ పొడుగూ పొట్టీ. సారు లెక్క చేయించారు. 600 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు. ప్లేటు వోల్టేజిని కరెంటుకు రెట్టింపుతో భాగించాలి: 600 బై 0.2, అంటే 3000 ఓములు. తీగ పక్క 50 ఓములు. అరవై రెట్ల తేడా. 7.1 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ కండెన్సర్ 90 పికోఫారడ్, లోడ్ కండెన్సర్ సుమారు 535, కాయిలు సుమారు 6 మైక్రోహెన్రీలు వచ్చింది. ఊయల జోరుకు ఒక కొలత వుంది, దాన్ని క్యూ అంటారు, అది 12 అని పెట్టుకుని చేశాం. నా లెక్కలో మొదట దశాంశ బిందువు జారి 900 వచ్చింది. సారు తిట్టలేదు, "ఇంత పెద్ద కండెన్సర్ పెట్టడానికి మన ల్యాబు చాలదు" అన్నారు.

కాయిలు నేనూ నా బెంచిమేటూ చుట్టాం. 40 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ నీళ్ళ పైపు ముక్కమీద 18 గేజీ రాగితీగ 16 చుట్లు, మొత్తం రెండంగుళాల పొడుగులో. చుట్ల మధ్య ఎడం సమానంగా రావడానికి తీగతోపాటు పక్కనే ఒక పురికొస కలిపి చుట్టాం, తర్వాత పురికొస లాగేశాం. ఈ ఉపాయం చాలా బాగుంది. ట్యూన్ కండెన్సర్ పాత రేడియోలోది. దాని ఆకులు మరీ దగ్గరగా వుంటాయి, 600 వోల్టుల పనికి భయం. అందుకని సారు ఒక ఆకు విడిచి ఒక ఆకు పీకేశారు. ఎడం పెరిగింది, కెపాసిటీ బాగా తగ్గింది, మాకు కావలసింది 90 కాబట్టి సరిపోయింది. లోడ్‌కు ఇంకో పాత రేడియోలోని గ్యాంగ్ కండెన్సర్, రెండు గదులూ కలిపి 1000. అటు వోల్టేజి తక్కువ కాబట్టి ఆకులు పీకే పని లేదు.

శ్రుతి చేసే పద్ధతి ఇది. నేను చేసి చూసిందే రాస్తున్నాను.

మొదట తీగ తగిలించకూడదు. దాని బదులు 50 ఓముల బరువు తగిలించాలి. వెయ్యి ఓములవి, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపితే 50 ఓములు, 40 వాట్లు తట్టుకుంటాయి. కొందరు బల్బు తగిలిస్తారు, వెలుగు చూస్తే సరదాగానే వుంటుంది. కానీ బల్బు చల్లగా వున్నప్పుడు ఒక ఓమ్, వెలిగినప్పుడు ఇంకో ఓమ్. దానికి చేసిన శ్రుతి తీగకు పనికిరాదు.

లోడ్ పూర్తిగా మూసెయ్యాలి. మీట నొక్కాలి. వెంటనే, ఒకటి రెండు మూడు లెక్కపెట్టేలోగా, ట్యూన్ తిప్పి డిప్ పట్టాలి. మొదట ముల్లు 130 దగ్గర వుంటుంది, డిప్‌లో 30కి పడుతుంది. మీట వదిలెయ్యాలి. ఇప్పుడు లోడ్ కొంచెం, గోరంత తెరవాలి. మళ్ళీ నొక్కాలి. ముల్లు పెరిగి వుంటుంది. మళ్ళీ ట్యూన్‌తో డిప్ పట్టాలి. ఈసారి డిప్ 45 దగ్గర వస్తుంది. డిప్ చోటు కూడా కొంచెం జరుగుతుంది, లోడ్ తెరిచినప్పుడల్లా ట్యూన్ కాస్త మూయాల్సి వస్తుంది. ఎందుకంటే రెండు కండెన్సర్లూ ఒకే ఊయల తాడులో వున్నాయి, ఒకటి తగ్గితే ఇంకొకటి పెంచాలి. ఇలా లోడ్ కాస్త, డిప్, లోడ్ కాస్త, డిప్. 60 అవుతుంది, 80 అవుతుంది. డిప్ అడుగునే 95 వచ్చినప్పుడు ఆపెయ్యాలి. అప్పటికి డిప్ లోతు చాలా తగ్గిపోయి వుంటుంది, ముల్లు కొంచెమే కిందికి వంగుతుంది. లోతైన డిప్ అందంగా వుంటుంది కానీ లోతుగా వుందంటే తీగకు ఏమీ వెళ్ళడం లేదన్నమాట.

ఎప్పుడైనా సరే, లోడ్ ముట్టుకున్నాక డిప్ పట్టకుండా వుండకూడదు. నేను ఒకసారి వున్నాను. సంక్రాంతి సెలవుల తర్వాత వారం. 45 నుంచి ఒకేసారి 95కి పోదామని లోడ్ సగం తిప్పేసి ముల్లు చూస్తూ కూర్చున్నాను. ముల్లు పైకి పోయింది, బలం వస్తోందనుకుని సంతోషించాను. మీట నొక్కే వున్నాను. బెంచిమేటు "ఏయ్, సీసా చూడు!" అని అరిచింది. లోపల నల్లగా వుండాల్సిన ప్లేటు కుంపట్లో బొగ్గులా ఎర్రబడింది. సారు పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి స్విచ్చి కట్టేశారు. లెక్క చూస్తే తెలుస్తుంది. 600 వోల్టులు, 130 మిల్లీ ఆంపియర్లు, 78 వాట్లు. 807 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు. మిగిలింది ఎక్కడికి పోతుంది? ఆ వాల్వు చావలేదు గానీ తర్వాత ఎంత తిప్పినా 70 దాటలేదు. రెండిటిలో ఒకటి అలా పాడుచేశాను. సారు ఆ వాల్వును నాకే ఇచ్చారు, నా ట్రంకుపెట్టెలో గుడ్డలో చుట్టి వుంది. ఆరోజు నుంచి సారు నేను మీట నొక్కేటప్పుడు పక్కగదికి కూడా వెళ్ళరు.

ఇంకో మోసం వుంది, దొంగ డిప్. ట్యూన్ బాగా తెరిచిన చోట ఇంకో చిన్న డిప్ కనపడవచ్చు. ఊయలను రెండు ఊపులకు ఒకసారి తోసినా అది ఊగుతుంది కదా. అలాగే ఊయల 14 మెగాహెర్ట్జ్‌లో ఊగుతుంటే వాల్వు 7లో తోసినా కొంత పనిచేస్తుంది. అప్పుడు మన సిగ్నలు మనం అనుకున్న చోట కాకుండా వేరే చోటికి పోయి ఎవరికో అడ్డం పడుతుంది. ఎక్కువ మూసివున్న వైపు, ఎక్కువ లోతున్న డిప్ అసలైనది. పూర్తిగా మూసినా డిప్ రాకపోతే కాయిలుకు చుట్లు చాలలేదు, పూర్తిగా తెరిస్తేగానీ రాకపోతే చుట్లు ఎక్కువయ్యాయి. మాకు చుట్లు సరిగ్గానే వచ్చాయి, అది లెక్క గొప్పతనమో పురికొస గొప్పతనమో తెలియదు.

బరువు మీద శ్రుతి కుదిరాక దాన్ని తీసేసి తీగ తగిలించాలి. తీగ మొత్తం పొడుగు 20 మీటర్లు, మధ్యలో రెండుగా తెంచి చెరో 10 మీటర్లు. నడిమి ల్యాబు కప్పుమీద వుంది, ఒక కొస నీళ్ళ ట్యాంకుకు, రెండో కొస చింతచెట్టుకు. తీగ బరువులా అచ్చంగా 50 ఓములు వుండదు. వాన పడితే మారుతుంది, కొమ్మ వంగి తగిలితే మారుతుంది. అందుకని మళ్ళీ రెండు నాబ్‌లూ కొంచెం సవరించాలి. మా అయ్య భూమి పండుగప్పుడు డోలును మంట దగ్గర కాచి శ్రుతి చేస్తాడు. ముసురు పట్టిన రోజు మధ్యమధ్యలో మళ్ళీ కాయాలి. ఇదీ అంతే, ఒకసారి చేసి వదిలేసేది కాదు.

ఇప్పుడు ఆదివారం సంగతి. సాయంత్రం ఆరుగంటలకు సారు పక్కనే వున్నారు. నన్ను "బయట చూశావా?" అని అడిగారు. చూశానని చెప్పాను. చూడలేదు. స్టడీ అవర్‌కు బెల్లు కొట్టేలోగా ఒకసారి శ్రుతి చేద్దామని తొందర. మీట నొక్కాను. 95 దగ్గర వుండాల్సిన డిప్ కనపడలేదు, ముల్లు 120 దగ్గర వణుకుతోంది. నాబ్ జారిందనుకున్నాను. ట్యూన్ తిప్పాను, లోడ్ తిప్పాను. ముల్లు ఇంకోలా మారింది. అప్పుడే బయట ఏడుపు వినపడింది.

ముల్లు నాకు చెబుతూనే వుంది. తడి తువ్వాళ్ళు తీగమీద పడ్డాయి కాబట్టి ఊయల బరువు మారింది, డిప్ పోయింది. తీగకు ఏదో తగిలిందని మీటరు చూస్తే తెలియాలి. నేను నాబ్‌ల తప్పనుకుని తిప్పుతూ కూర్చున్నాను.

మేడమ్ గారూ, ఒక మాట. 600 వోల్టులు ఆ తీగలోకి వెళ్ళవు. మధ్యలో అడ్డంగా ఒక కండెన్సర్ వుంది, అది ఆ కరెంటును ఆపుతుంది. అది చెడిపోయినా, తీగ మొదట్లో నేలకు కలిపిన ఒక చోక్ వుంది, కరెంటు దాని గుండా నేలకు పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ రెండూ సారు నాచేత పరీక్ష చేయించారు. చెల్లి వేలు కాలింది ఆ కరెంటుతో కాదు, రేడియో కరెంటుతో. ఇలాంటి తీగకు నడిమిలో వోల్టేజి తక్కువ, కొసల్లో చాలా ఎక్కువ. చింతచెట్టు దగ్గరున్నది కొస. అక్కడే తీగ వేలాడి చేతికందేలా వుంది. రేడియో కరెంటు ఇంట్లో కరెంటులా జల్లుమనిపించదు, తగిలిన చోట చర్మాన్ని కాలుస్తుంది. చిన్నదే అయినా కాలడం కాలడమే. చెల్లికి నేను క్షమాపణ చెప్పాను. తను "ఫరవాలేదక్కా" అంది, కానీ ఇప్పటికీ ల్యాబు వైపు రావడం లేదు.

మరి ఇంత ప్రమాదం పెట్టుకుని ఆ తీగ ఎందుకు అని అడగవచ్చు. సెల్‌ఫోన్లు వున్నాయి కదా అని కూడా అంటున్నారు.

2022 జూలైలో గోదావరి వచ్చినప్పుడు నేను వూళ్ళో వున్నాను. ఆ నెల 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. గోదావరి నిండితే మా శబరి ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వైపు పిల్లలందరికీ ఇది తెలుసు. మేము గుట్టమీద పరదాల కింద వున్నాం. స్తంభాలు మునిగాయి, టవరు ఆగింది, ఫోన్లు చచ్చిపోయాయి. మా అయ్య కూలిపనికని ఏరు దాటి వెళ్ళినవాడు అటే వుండిపోయాడు. ఆరు రోజులు వున్నాడో లేడో తెలియలేదు. అమ్మ వంట మానేసింది. అయ్య అవతలి ఒడ్డున ఒక బడిలో క్షేమంగానే వున్నాడు, మేమే పోయామనుకుని ఆయనా అన్నం తినలేదంట. మధ్యలో వున్నది ఒక్క ఏరు.

ఎనిమిదో తరగతిలో సారు భారతీ ప్రసాద్ గారి సంగతి చెప్పినప్పుడు నాకు ఆ ఆరు రోజులు గుర్తొచ్చాయి. ఆమె హామ్. 2004 డిసెంబరులో తన బృందంతో అండమాన్ వెళ్ళి పోర్ట్‌బ్లెయిర్‌లో హోటల్ గదిలో రేడియో పెట్టుకున్నారు. అక్కడ ఆమె పిలుపు పేరు వీయూ4ఆర్‌బీఐ. డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చాయి. ఫోన్లు పోయాయి. ఆమె ఆటలాపేసి రేడియోతో క్షేమసమాచారాలు ఇటూ అటూ పంపడం మొదలుపెట్టారు. ఎవరు బతికున్నారో ఇంట్లోవాళ్ళకు చెప్పడం, అంతే. అదే కదా మా అమ్మకు కావలసింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కరెంటు పోతే వాల్వు సెట్టు పనిచెయ్యదు. చిన్న సెట్టు మాత్రం 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. మరి అదే చాలదా అని నేనూ అడిగాను. ఎండాకాలం రాత్రి 5 వాట్లు చాలు, సారు బెంగళూరు వరకు మాట్లాడారు. వానాకాలం ఉరుముల గరగరలో 5 వాట్లు మునిగిపోతాయి. వాల్వు 60 వాట్లు తిని 40 వాట్లు ఇస్తుంది, అంటే ఎనిమిది రెట్లు. దానికి మన ఆఫీసు ఇన్వర్టరు చాలు, అదీ మాట్లాడే కాసేపే. ఇన్వర్టరు అడగడం ఎక్కువే, తెలుసు. తీగే వుంటుందో లేదో తెలియనప్పుడు ఇన్వర్టరు సంగతి అడుగుతున్నానని నా బెంచిమేటు నవ్వుతోంది.

లైసెన్సు సారుది. ఆయన పక్కన లేకుండా మేము మీట ముట్టుకోం. 1978 నాటి నిబంధనల్లో 12 ఏళ్ళు నిండితే పరీక్ష రాయవచ్చని వుంది. నాకు 14. చదువుతున్నాను. మోర్స్‌లో నా పేరు కొట్టగలను, మా వూరి పేరులో మాత్రం ఇంకా తడబడతాను.

ఆదివారం తర్వాత మేము చేసినవి ఇవి. చింతచెట్టు కొసను తాత్కాలికంగా విప్పి చుట్టిపెట్టాం, కాబట్టి ఇప్పుడు సెట్టు మూసే వుంది. అడవినుంచి మా అయ్య రెండు నిలువు వెదుళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఇరవై అడుగులు వుంటాయి, పాతితే ఎంత ఎగిరినా ఎవరికీ అందదు. మీట నొక్కే ముందు ఒకరు బయటికి వెళ్ళి తీగ కింద నిలబడి "ఎవరూ లేరు" అని అరవాలి, అది విన్నాకే నొక్కాలి. తీగ కింద నిలబడే మనిషి నేను కాదు, నా బెంచిమేటు, ఎందుకంటే నేను ఒకసారి అబద్ధం చెప్పాను. బట్టలు ఆరేసుకోవడానికి వంటగది వెనక కొత్త నైలాన్ తాడు కట్టాం, రెండు వరసలు.

ల్యాబులో చూడాలనుకునేవాళ్ళకు: గాజులు, గొలుసులు తీసేసి రండి. చున్నీ వెనక్కి ముడివెయ్యండి. కాళ్ళకు చెప్పులుండాలి. స్విచ్చి కట్టేశాక కూడా లోపల పెద్ద కండెన్సర్లలో 600 వోల్టులు మిగిలి వుండవచ్చు, సారు నేలతీగ కట్టిన కర్రతో వాటిని తాకించి, మీటరుతో సున్నా చూపించేవరకు ఎవరూ పెట్టె మూత ముట్టుకోకూడదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి.

వెదుళ్ళు భోజనశాల పక్క గోడకు ఆనించి వున్నాయి. దయచేసి వాటితో మామిడికాయలు కొట్టకండి. మేడమ్ గారు సరేనంటే పాతుతాం, వద్దంటే అయ్య వచ్చే నెల తీసుకుపోతాడు, పందిరికి పనికొస్తాయి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని